ఇసోకిచి ట్రాక్టర్‌కి బ్యాటరీ లేదు

"కమినోసావా గ్రామస్థులకు శుభవార్త. ఈ శీతకాలం మీరంతా గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు. పక్క జిల్లాల్లో డీజిల్ దొంగలూ ట్రాక్టర్ దొంగలూ తిరుగుతున్నారని వినికిడి. వాళ్ళు మన పొలిమేర తొక్కితే అది వాళ్ళ కర్మ. ఎందుకంటే ఇక్కడ ఒక మెదడు మేలుకుని ఉంది. ఆ మెదడు నాది. ఇట్లు, తోకుజి, విశ్రాంత పోస్ట్‌మన్, స్వచ్ఛంద నేర పరిశోధకుడు. తా.క. ఈ రోజు పది గంటల నుంచి ఊళ్ళో ప్రతి షెడ్డునూ స్వయంగా తనిఖీ చేస్తాను. మొదటి షెడ్డు ఇసోకిచిది."

ఇంటింటికీ తిరిగే నోటీసు అట్టని ఫుసాయే పైకి చదివింది. తా.క. దగ్గరికి వచ్చేసరికి ఇసోకిచి గొంతులో మిసో పులుసు అడ్డం పడింది.

"మెదడు మేలుకుని ఉందట," అంది ఫుసాయే, మొగుడి వీపు మీద తడుతూ. "మనిషి ఎప్పుడు లేస్తాడో."

అప్పటిదాకా తోకుజి ఛేదించిన కేసులు రెండు. బుద్ధాలయం పిల్లి తప్పిపోతే పదకొండు రోజులు ఊరంతా గాలించాడు. ఆ పదకొండు రోజులూ అది ఆయన ఇంట్లోనే హీటరు ముందు కాళ్ళు చాపుకుని పడుకుంది. పక్క పొలం సెగావా మంచు పార పోతే, ఊళ్ళో ఉన్న పారలన్నిటికీ వేలిముద్రలు తీశాడు. ఇంటింటికీ వెళ్ళడానికి దారిలో మంచు తీసుకుంటూ వెళ్ళింది సెగావా పారతోనే. తోకుజి ఎటు వెళ్ళినా గందరగోళం ఆయన వెనకాలే తోకలా వెళ్ళేది. అయినా చిన్నప్పటి నుంచీ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాడు కాబట్టి, డెబ్భై ఒకటో ఏట కూడా ఇసోకిచి ఆయన్ని భరిస్తున్నాడు.

ఈ రోజు మాత్రం భరించే పరిస్థితి లేదు. కారణం, ఇసోకిచి ఊరందరికీ ఒక అబద్ధం చెప్పి ఉన్నాడు.

అక్టోబర్‌లో కిటికీలకి మంచు తగలకుండా చెక్కపలకలు బిగిస్తూ ఆయన నిచ్చెన మీంచి పడ్డాడు. కుడి భుజంలో నరం తెగింది. చెయ్యి మెడకి వేలాడదీసి ఆరువారాలైంది. మంచు ముంచెత్తే హొక్కయిడోలో ఆ మూల నవంబరు ఆఖరుకల్లా ట్రాక్టర్‌ని వసంతం దాకా పడుకోబెట్టెయ్యాలి. నలభై ఏళ్ళుగా ఆ పని ఆయన ఒక పూజలా చేస్తున్నాడు. ట్యాంకులో ఖాళీ ఉంటే లోపల చెమ్మ పట్టి తుప్పవుతుందని చలికాలపు డీజిల్ మూతి దాకా నింపడం, బ్యాటరీ విప్పి ఇంట్లోకి తేవడం, లోపలి ప్లేటు అంటుకుపోకుండా క్లచ్‌ని తొక్కిపెట్టి ఉంచడం, పొగగొట్టానికి డబ్బా బోర్లించడం, ఎలుకలు వైర్లు కొరక్కుండా చూడటం. ఈ ఏడు ఒక్కటీ చెయ్యలేదు. చెయ్యలేకపోయాడు.

అన్నిటికంటే భయం రేడియేటర్ గురించి. ఆగస్టులో గొట్టం చిట్లి, చలికి గడ్డకట్టని కూలెంట్ ద్రవమంతా కారిపోతే, పని ఆగకూడదని వాగు నీళ్ళు పోసి లాగించేశాడు. కోతలయ్యాక మారుద్దామనుకున్నాడు. ఇప్పుడా నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి. ఉబ్బితే ఇంజను పుచ్చకాయలా పగులుతుంది. వచ్చే వారం మైనస్ ఇరవై అంటున్నారు. కనీసం నీళ్ళు వదిలేద్దామని ఎడంచేత్తో ప్రయత్నిస్తే, తుప్పు పట్టిన కుళాయి కదల్లేదు, పానా జారి మోకాలి మీద పడింది.

అలాంటి సమయంలో రైతు సంఘం కొట్లో ఎవరో అడిగారు, ట్రాక్టర్‌ని పడుకోబెట్టావా అని. అయిదుగురు వింటున్నారు.

"ఎప్పుడో," అన్నాడు ఇసోకిచి. "ఒంటి చేత్తో."

ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది. ఆ తర్వాత రోజూ షెడ్డు దాకా వెళ్ళి, ట్రాక్టర్‌ని చూసి, చిన్నపిల్లని ఆకలితో పడుకోబెట్టినవాడిలా వెనక్కి వచ్చేవాడు. బుధవారం అలాగే చూసొచ్చాడు. గురువారం ఆస్పత్రికి ఒక్కడే బస్సులో వెళ్ళాడు, ముల్లంగి ఊరగాయ పెట్టాలని ఫుసాయే ఇంట్లో ఆగిపోయింది. ఇవాళ శుక్రవారం. పదికి తోకుజి వస్తున్నాడు.

పది కాకుండానే వచ్చాడు. పాత పోస్ట్‌మన్ టోపీ, చేతిలో ఫోన్ నంబర్ల పుస్తకం చదువుకునే భూతద్దం.

"షెడ్డు తాళంచెవి పోయింది రా," అన్నాడు ఇసోకిచి.

తోకుజి కళ్ళు మెరిశాయి. "పోయిందా. నేరం నంబర్ ఒకటి."

"అదుగో, మేకుకే ఉంది," అని ఫుసాయే వంటింట్లోంచి చెప్పింది.

"దొరికింది. కేసు నంబర్ ఒకటి పరిష్కారం," అని తోకుజి తాళంచెవి తీసుకుని నడిచాడు.

తలుపు తీసేసరికి ఇసోకిచి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఎర్ర ట్రాక్టర్ మట్టి మచ్చ లేకుండా కడిగి ఉంది. చక్రాల కింద పలకలు. పొగగొట్టం మీద బోర్లించిన డబ్బా. నలభై ఏళ్ళుగా తను ఎలా ఉంచుతాడో అచ్చం అలాగే. తను మాత్రం ముట్టుకోలేదు.

"కదలకు," అన్నాడు తోకుజి. "ఇది నేరస్థలం."

"నా షెడ్డు రా ఇది."

"ఇందాకటి వరకూ నీదే. ఇప్పుడు చట్టానిది. చట్టం తరఫున నేను." ఆయన భూతద్దం పెట్టుకుని పొగగొట్టం దగ్గరికి వెళ్ళాడు. "డబ్బా. మోత బయటికి వినబడకుండా పెట్టారు."

"లోపల మంచు పడకుండా పెట్టేది అది."

"నువ్వు పెట్టావా?"

ఇసోకిచికి కొట్లోని అయిదుగురూ గుర్తొచ్చారు. "పెట్టాను."

"ఏ చేప డబ్బా?"

ఇసోకిచి మెడ సాచి చూశాడు. అక్షరాలు అటువైపు ఉన్నాయి. "కానాగంత," అన్నాడు.

తోకుజి డబ్బా తిప్పాడు. "సాల్మన్." నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. అది తిట్టినదానికంటే ఘోరంగా ఉంది.

తర్వాత డీజిల్ ట్యాంకు మూత తీసి వేలు పెట్టాడు. వేలు మొదటి కణుపు దాకా తడిసింది. "మామూలు దొంగలు డీజిల్ ఎత్తుకుపోతారు. వీళ్ళు నింపి వెళ్ళారు. ఇంత కరుడుగట్టిన ముఠాని నా సర్వీసులో చూళ్ళేదు."

"నీ సర్వీసు పోస్టాఫీసులో రా."

"ముప్పై ఎనిమిదేళ్ళు ఈ ఊరి రహస్యాలన్నీ నా సంచిలోనే తిరిగాయి. అంటించిన కవరు అంటించినట్టే ఇచ్చానుగానీ, పట్టుకుంటే తెలియదా." ఆయన వంగి పెడల్ కింద చూశాడు. "ఇదుగో. క్లచ్ దగ్గరే క్లూ ఉంటుందని మొదటి నుంచీ అనుకుంటూనే ఉన్నా. పెడల్ తొక్కిపెట్టి, చెక్కముక్క అడ్డం పెట్టి, తాడుతో కట్టేశారు. ఎక్కిన వెంటనే ఉడాయించడానికి." అని ముక్కు ఎగబీల్చి అమాంతం వెనక్కి గెంతాడు. "ముక్కు మూసుకో. విషవాయువు."

ఇసోకిచి కూడా వాసన చూశాడు. కలరా ఉండలు. వైర్ల దగ్గర గుడ్డ మూటలు కట్టి వేలాడుతున్నాయి. ఆయన ఎప్పుడూ పుదీనా నూనె వాడేవాడు. ఎవరు చేసినా ఎలుకల సంగతి కూడా ఆలోచించారన్నమాట.

ఆయన ముందుకి వంగి, ఎవరూ చూడకుండా రేడియేటర్ మూత ఎడంచేత్తో తిప్పాడు. లోపల ఆకుపచ్చగా నిగనిగలాడుతూ కొత్త కూలెంట్. ఇంజను బతికింది. ఆ క్షణం ఆయనకి అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. మరుక్షణం మొహం మాడిపోయింది. ఎవడో జాలిపడి చేశాడు. తన అబద్ధం తెలిసి, తను లేనప్పుడు వచ్చి, ముసలాడికి చాతకాదని చేసిపెట్టి వెళ్ళాడు.

"ఇసో," అన్నాడు తోకుజి, గొంతు తగ్గించి. "బ్యాటరీ ఏదీ?"

బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది.

"ఇంట్లో ఉంది."

"ఇంట్లో ఎక్కడ?"

"లోపల."

"లోపల ఎక్కడ?"

"ఇంట్లో, లోపల."

తోకుజి స్నేహితుణ్ణి జాలిగా చూశాడు. "అర్థమైంది. నిన్నెవరో బెదిరిస్తున్నారు. నోటితో చెప్పలేవు. నేను భుజం మీద చెయ్యి వేస్తాను, అవునైతే రెండుసార్లు కళ్ళు ఆర్పు."

అని సరిగ్గా కుడి భుజం మీద వేశాడు. నొప్పికి ఇసోకిచి పదిహేనుసార్లు కళ్ళు ఆర్పాడు.

"ముఠాలో పదిహేనుమంది," అని రాసుకున్నాడు తోకుజి.

అప్పుడే బయట దారిలో సెగావా పెద్ద ట్రాక్టర్ మీద మంచు తోసుకుంటూ వస్తున్నాడు. నలభై ఏళ్ళవాడు, ఇంకా పెళ్ళి కాలేదు, ఈ ఏడు ఇసోకిచి చక్కెరదుంపలు అతనే తన యంత్రంతో తవ్విపెట్టాడు. తోకుజి రెండు చేతులూ చాచి దారికి అడ్డం నిలబడ్డాడు. మెదడు మేలుకుని ఉన్నా బ్రేకు కనిపెట్టినవాడికే దణ్ణం పెట్టాలి, ట్రాక్టర్ ఆయన టోపీకి జానెడు దూరంలో ఆగింది.

"నిన్న మధ్యాహ్నం, ఇసో ఆస్పత్రికి వెళ్ళినప్పుడు, ఎక్కడున్నావ్?"

సెగావా చెవులు ఎర్రబడ్డాయి. చలికి కాదు. "నేనా? ఇక్కడే. అంటే అక్కడే. ఇంట్లో."

"నీ దగ్గర డీజిల్ వాసన వస్తోంది."

"ట్రాక్టర్ మీదున్నవాడి దగ్గర సెంటు వాసన వస్తుందా, తోకుజి బాబాయ్?"

"తప్పించుకోకు. ఇసోకిచి షెడ్డు వైపు వెళ్ళావా లేదా?"

"అది పి..." అని సెగావా నాలుక కరుచుకున్నాడు. "పిల్లల్ని బడి నుంచి తీసుకురావాలి. వస్తాను."

"నీకు పెళ్ళే కాలేదు కదరా."

సెగావా ట్రాక్టర్ మీంచి దిగి తలొంచుకుని నిలబడ్డాడు. ఇసోకిచికి ఒళ్ళంతా వేడెక్కింది. వీడేనన్నమాట. దుంపలు తవ్విపెట్టింది చాలక.

"నా ట్రాక్టర్‌ని ముట్టుకున్నావా?" అన్నాడు. గొంతు ఆయనకే కొత్తగా ఉంది.

"లేదు బాబాయ్. ప్రమాణపూర్తిగా. డబ్బాలు మోసి షెడ్డు గుమ్మంలో దింపానంతే."

"ఏ డబ్బాలు?"

"ఇక మీరడిగినా చెప్పను. మాటిచ్చాను."

"అందరూ ఇంట్లోకి పదండి," అన్నాడు తోకుజి. "ముసుగులు తొలిగే వేళయింది."

గుమ్మం లోపల, బూట్లు విప్పుకునే చోట, ఇసోకిచి పొద్దున గమనించని ఒక ఎత్తు ఉంది. మూలన పీటంత సైజులో ఏదో పెట్టి పాత బొంత కప్పారు. తోకుజి సింహాసనం దొరికిన చక్రవర్తిలా దాని మీద కూలబడ్డాడు. మనిషి ఎనభై కిలోలుంటాడు. బొంత కింద ఏదో కిర్రుమంది.

ఫుసాయే టీ పళ్ళెంతో వచ్చి, ఆయన కూర్చున్న చోటు చూసి ఆగిపోయింది. "తోకుజి గారూ, మీరు కూర్చున్నది..."

"ఎవరూ కదలకూడదు. ఎవరూ మాట్లాడకూడదు."

"అది కాదండీ, ఆ బొంత కింద..."

"సాక్షుల వంతు వస్తుంది వదినా. ఓపిక పట్టాలి." తోకుజి గొంతు సవరించుకున్నాడు. "ఇది పదిహేనుమంది ముఠా. ముందు ట్రాక్టర్‌ని కడిగారు, ఎందుకు? వేలిముద్రలు చెరపడానికి. ట్యాంకు నింపారు, ఎందుకు? రేవు దాకా ఆగకుండా పోవడానికి. బ్యాటరీ తీసేశారు, ఎందుకు?" ఆయన ఉత్సాహంలో ముందుకీ వెనక్కీ ఊగాడు. బొంత కింద మళ్ళీ కిర్రుమంది. "ఈలోగా ఇసోకిచి తన ట్రాక్టర్‌తో తను పారిపోకుండా."

"నా ట్రాక్టర్‌తో నేనెందుకు పారిపోతాను రా?"

"అది నీ మనస్సాక్షిని అడుగు. ఆ బ్యాటరీ ఈపాటికి సముద్రం మధ్యలో ఉంటుంది."

"తోకుజి గారూ, దయచేసి లేవండి," అంది ఫుసాయే.

"లేవను. న్యాయం తేలేదాకా లేవను. ఒక ముసలి రైతు ఏడాదంతా కష్టపడి, విరిగిన భుజంతో, ఒంటి చేత్తో పడుకోబెట్టుకున్న ట్రాక్టర్ మీద ఇంత దౌర్జన్యమా. తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది."

"అంత కోపం దేనికిరా," అన్నాడు ఇసోకిచి, ఒంటి చెయ్యి మాటకి కుంచించుకుపోతూ.

తోకుజి మొహంలో రంగులు మారాయి. "కోపం కాదు రా. నిజంగానే మండుతోంది."

"అది యాసిడ్," అంది ఫుసాయే. పళ్ళెం సెగావా చేతిలో పెట్టి, ఎనభై కిలోల పరిశోధకుణ్ణి చెయ్యి పట్టి లేపి, స్నానాల గదిలోకి ఒక్క తోపు తోసింది. "ప్యాంటు విప్పెయ్యండి. నీళ్ళు పోసుకుంటూనే ఉండండి, ఆపకండి. బట్టలకి వంటసోడా కలిపి తెస్తున్నా." వెళ్తూ వెళ్తూ మొగుడి వైపు చూసి, "అన్ని బిరడాలూ గట్టిగానే బిగించాను. ఈయన అంత ఊగుతాడని ఎవరనుకున్నారు," అంది.

ఇసోకిచి బొంత ఎత్తి చూశాడు. చెక్కపలక మీద, శుభ్రంగా తుడిచి, చివరలకి గ్రీజు రాసి, ఆయన ట్రాక్టర్ బ్యాటరీ. లోకంలో పరిశోధకులు ఆధారం కోసం వెతుకుతారు. తోకుజి పావుగంట సేపు ఆధారం మీదే కూర్చున్నాడు.

ఫుసాయే వంటసోడా నీళ్ళు లోపలికి అందించి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వచ్చి మొగుడి ముందు నిలబడింది.

"నువ్వా?" అన్నాడు ఇసోకిచి.

"నేనే. డీజిల్ డబ్బాలు బరువని ఇతన్ని అడిగాను. మిగతాదంతా నేనే."

"ఇదంతా నీకెలా తెలుసు?"

"నలభై ఏళ్ళు టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడింది ఎవరనుకున్నారు? మీరేమో పనిచేస్తున్నంతసేపూ గొణుగుతారు. ముందు ఇది, తర్వాత అది, నెగటివ్ వైరు ముందు విప్పాలి అని. నాకు బట్టీ వచ్చేసింది."

"మరి ఆ కుళాయి? నేను ఎంత తిప్పినా కదల్లేదు."

"మీరు మర్యాదగా అడిగారు. నేను వేడినీళ్ళు పోసి సుత్తితో అడిగాను."

సెగావాకి నవ్వొచ్చింది. టీ పళ్ళెం ఒలక్కుండా నవ్వడానికి చాలా కష్టపడ్డాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు ఇసోకిచి.

"మీరు నాకు చెప్పారా? కొట్లో చెప్పొచ్చారని ఎవరో అంటే, పోనీలే, అయిపోయింది అనుకుని షెడ్డుకి వెళ్ళి చూశాను. రేడియేటర్‌లో వాగు నీళ్ళు వాగు నీళ్ళలాగే ఉన్నాయి." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "ఊరందరికీ చెప్పేశారు కదా. ఇంక అది అబద్ధం కాకుండా చూడటమే నాకు మిగిలింది."

ఇసోకిచి బ్యాటరీ మీద బొంత మళ్ళీ కప్పాడు. నలభై ఏళ్ళలో ఆయన ఆమెని ఆ షెడ్డులో చూసినప్పుడల్లా చూసింది టార్చిలైటు వెలుగునే. అది పట్టుకున్న చేతిని కాదు.

"సెగావా," అన్నాడు. "కొట్లో నేను చెప్పింది అబద్ధం రా. నేను ఒక్క బోల్టు కూడా విప్పలేదు. మా ఆవిడ చేసింది."

"తెలుసు బాబాయ్. ఆ రోజే అందరికీ తెలుసు. ఒంటి చేత్తో బ్యాటరీ ఎవరు దింపుతారు?"

"మరి ఎవరూ ఏమీ అనలేదేం?"

"మీరు చాలా బాగా చెప్పారు," అన్నాడు సెగావా. "మధ్యలో ఆపబుద్ధి కాలేదు."

స్నానాల గది తలుపు తెరుచుకుంది. తోకుజి ఫుసాయే పొలం పైజమా వేసుకుని బయటికొచ్చాడు. ఊదారంగు మీద పెద్ద పెద్ద తెల్ల పూలు. పొడవు పిక్కల దాకానే వచ్చింది. నెత్తి మీద పోస్ట్‌మన్ టోపీ మాత్రం చెక్కుచెదరలేదు.

"కేసు ఛేదించబడింది," అన్నాడు. "దోషి ఇంట్లోవాళ్ళేనని గుమ్మం దాటగానే గ్రహించాను. అందుకే ఏరికోరి అక్కడే కూర్చున్నాను. నిజం బయటికి రావాలంటే ఎవరో ఒకరు త్యాగం చెయ్యాలి. నేను వెనకాడలేదు."

"వెనకే కాలింది," అన్నాడు సెగావా.

"గాయం పెద్దదేం కాదు," అన్నాడు తోకుజి గంభీరంగా. "కాకపోతే టీ నిలబడి తాగుతాను."

తాగాడు కూడా. రెండు కప్పులు, నాలుగు దుంప రొట్టెలు. తర్వాత సెగావా ఆయన్ని ఇంటి దగ్గర దింపుతానని తీసుకెళ్ళాడు. ట్రాక్టర్ మీద కూర్చోలేక ఆయన వెనక నిలబడే వెళ్ళాడు. దారిపొడుగునా ఆ పూల పైజమాని చూడనివాళ్ళు ఊళ్ళో లేరని తర్వాత తెలిసింది.

ఇల్లు నిశ్శబ్దంగా అయ్యాక ఇసోకిచి బూట్లు వేసుకున్నాడు. "రా, ఒకసారి చూద్దాం," అన్నాడు.

ఇద్దరూ షెడ్డులోకి వెళ్ళారు. బయట సన్నగా మంచు మొదలైంది. ఆయన ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళాడు. గ్రీజు పెట్టాల్సిన చోటల్లా గ్రీజు ఉంది. ఒక చోట ఎక్కువే ఉంది. ఏదో ఒక తప్పు కనబడకపోతుందా అని వెతుకుతున్నానని ఆయనకే తెలిసి, వెతకడం ఆపేశాడు.

"భుజం గురించి డాక్టర్ ఏమన్నాడు?" అంది ఫుసాయే.

"వసంతానికి సర్దుకుంటుందన్నాడు."

"మళ్ళీ ఎప్పుడు రావాలో అడుగుదామని నిన్న సాయంత్రం ఆస్పత్రికి ఫోన్ చేశాను. నర్సు చెప్పింది."

ఇసోకిచి ట్రాక్టర్ చక్రం మీద చెయ్యి ఆనించాడు. చెయ్యి భుజం దాటి ఇంక లేవదని డాక్టర్ చెప్పిన దగ్గర్నుంచీ, బస్సులో వస్తున్నంతసేపూ, ఇంటికొచ్చాక కూడా, ఆయన ఒకటే లెక్క వేసుకుంటున్నాడు. ట్రాక్టర్‌ని సెగావాకి ఇచ్చెయ్యడం, పొలం కౌలుకి వదిలెయ్యడం, కిటికీ దగ్గర కూర్చోవడం. అది ఎలా చెప్పాలో తెలియక ఇంకో అబద్ధం తయారుచేసి పెట్టుకున్నాడు.

"లేవదట," అన్నాడు.

"నాది లేస్తుంది," అంది ఫుసాయే. "రెండూ లేస్తాయి."

ఆయన తలెత్తి చూశాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, గోళ్ళ సందుల్లో ఇంకా గ్రీజు ఉంది.

"అంత తేలిక కాదు," అన్నాడు. "సాలు తిన్నగా రావాలంటే ఏళ్ళు పడుతుంది. నాకే పట్టింది. నేను అరిస్తే నొచ్చుకోకూడదు మరి."

"అరిచి అలిసేది మీరు. నేను కాదు."

 ఇసోకిచి చక్రం మీది బురదరేకు ఎక్కి, ఎడంచేత్తో పట్టు దొరికించుకుని కూర్చుని, సీటు వైపు గడ్డం ఊపాడు. ఫుసాయే ఎక్కి కూర్చుంది. సీటు చల్లగా ఉందని ఒక మాట అని, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టింది.

"ముందు క్లచ్ తొక్కాలి."

"నిన్ననే తొక్కి కట్టేశాను."

"అవును కదూ. అయితే గేరు వెయ్యి. అది కాదు, దాని పక్కది. నెమ్మదిగా."

గేరు టక్కుమని పడింది. రెండో ప్రయత్నానికే.

"ఇప్పుడు?" అంది ఫుసాయే, ఎదురుగా మూసి ఉన్న రేకు తలుపు వైపు చూస్తూ.

"ఇప్పుడు ఏప్రిల్ దాకా ఆగాలి," అన్నాడు ఇసోకిచి.

ఇద్దరూ దిగలేదు.